ఏడుపుపెట్టె

సాయంత్రం ఏడూ నలభైరెండుకి నిడదవోలు ఏడుస్తుంది. రోజూ అదే వేళకి, ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూగా.

సోమవారం పొద్దున హైదరాబాదులో, తొమ్మిదో అంతస్తులోని ప్రయోగశాల గదిలో, ముప్ఫైరెండు ఊళ్ళ గీతలు కదులుతున్న తెర ముందు నిలబడి నిరంజన్ ఆ గీతని వేలితో చూపించాడు. మిగతా ఊళ్ళ గీతలు చిన్న చిన్న గుట్టల్లా ఉన్నాయి. నిడదవోలు గీత ఉన్నట్టుండి కొబ్బరిచెట్టులా లేచి, పదిహేను నిమిషాలు అక్కడే నిలబడి, ఎనిమిదింటికి దిగుతోంది.

"నలభై రోజులుగా ఇంతే. మీ ఊరి ఆడవాళ్ళ మనసు ఇంత మెత్తనా, దుర్గా?"

విజయదుర్గకి నవ్వొచ్చింది. "మా అమ్మని చూస్తే ఆ మాట అనరు సార్."

గీతలు పంపే పెట్టెకి కంపెనీ 'స్పందన' అని పేరు పెట్టింది. అది టీవీ కింద కూర్చుని, చూసేవాళ్ళ కళ్ళలో తడిని, ఊపిరి వేగాన్ని కనిపెడుతుంది. దాన్నిబట్టి 'రెండో గడప' అనే సీరియల్లో మర్నాటి భాగాన్ని యంత్రమే రాసి, బొమ్మ కట్టి, గొంతులు పోస్తుంది. నటులు లేరు. కథానాయిక ధరణి మొహం ఏ మనిషిదీ కాదు. మొదటి పదిహేను భాగాలు అన్ని ఊళ్ళకీ ఒకటే. భర్త కొడితే ధరణి ఇల్లు వదిలి వచ్చేస్తుంది. అక్కడి నుంచి ముప్ఫైరెండు ఊళ్ళకి ముప్ఫైరెండు ధరణులు.

కళ్ళ తడిని కొలిచే భాగం విజయదుర్గ తయారుచేసింది. నాలుగేళ్ళు దాని మీదే కూర్చుంది. ప్రయోగం కాబట్టి ఊరికి ఒక్కటే పెట్టె; దాని లెక్కతోనే ఆ ఊరందరికీ కథ నడుస్తుంది. దాని ముందు కనీసం ముగ్గురు ఆడవాళ్ళు ఏడు నుంచి ఎనిమిది వరకు లేవకుండా కూర్చోవాలి. నిడదవోల్లో అందుకు ఎవరూ ఒప్పుకోకపోతే, స్టేషను రోడ్డులో తన తల్లి నడిపే కర్రీ పాయింటు వెనక గదిలో తనే వెళ్ళి పెట్టి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే తల్లి సత్యవేణి ఫోన్ చేసింది. పనివేళల్లో ఆవిడ ఎప్పుడూ చెయ్యదు.

"ఆదివారం వాళ్ళొస్తున్నారే. మీ మావయ్య రమ్మనేశాడు."

"ఎవరమ్మా?"

"ఫణి, వాళ్ళమ్మ. హైమని తీసుకెళ్తారట."

విజయదుర్గ కుర్చీలోంచి లేచి వరండాలోకి వచ్చింది. చెల్లెలు హైమ ఎడమ చేతికి కట్టుతో పుట్టింటికి వచ్చి అయిదు నెలలైంది. కాలుజారి పడ్డానని ఆస్పత్రిలో చెప్పమన్నాడు భర్త ఫణి. ఆమె చెప్పలేదు. అప్పుడు వాళ్ళింటికి వెళ్ళి, నలుగురిలో ఫణిని నిలదీసి, హైమని వెంటబెట్టుకొచ్చింది మేనమామ గంగరాజే.

"మావయ్య రమ్మన్నాడా? ఆయనకేమైంది?"

"ఊరందరికీ ఏమైందో ఆయనకీ అదే. ఎక్కడికెళ్ళినా ధరణి మాటే. అంత చదువుకున్న ధరణే వెనక్కెళ్ళి సర్దుకుపోయింది, మీ పిల్ల ఏం దిగొచ్చిందండీ అని ఫణి వాళ్ళమ్మ అడిగితే మీ మావయ్యకి నోరు పెగల్లేదట. మీ అత్తయ్యదీ ఇంట్లో అదే పాట."

"ధరణి వెనక్కెళ్ళడమేంటి? కేసు పెట్టింది కదా."

"మీకు పెట్టిందేమో. మాకు మాత్రం వెళ్ళిపోయి నెల కావస్తోంది."

విజయదుర్గ ఇన్నాళ్ళూ నిడదవోలు గీతని చూసింది కానీ నిడదవోలు కథని చూడలేదు. ఆఫీసు క్యాంటీనులో నడిచేది హైదరాబాదు కథ. అర్ధరాత్రి దాకా కూర్చుని ఆ నలభై భాగాల చివరి పావుగంటలూ వరసగా చూసింది. మొదట్లో భర్త వీధిలో నిలబడి క్షమించమంటే ధరణి కిటికీలోంచి చూసింది. గీత లేచింది. మర్నాడు తలుపు తీసింది. ఇంకా లేచింది. వారానికి అన్నం పెట్టింది. మూడు వారాలకి అతని వెంట నడిచింది. మళ్ళీ దెబ్బ తిన్నది. శనివారం నాటి భాగంలో పగిలిన తన గాజుముక్కలు తనే ఏరుకుంటూ "తప్పు నాదేనండీ" అంది. నలభై రోజుల్లో గీత అంత ఎత్తుకి ఎప్పుడూ వెళ్ళలేదు.

దీనికి మా అమ్మ ఏడ్చిందా అనుకుంది విజయదుర్గ. తెల్లారి సెలవు పెట్టి రైలెక్కింది.

*

మంగళవారం ఏడింటికి వెనక గదిలో టీవీ వేశారు. సత్యవేణి, ఆవిడతో పనిచేసే బేబమ్మ, సుగుణ కత్తిపీటలు వేసుకుని వరసగా కూర్చున్నారు. మర్నాడు తెల్లవారుజామున పొయ్యి వెలిగించాలి కాబట్టి కూరలు ముందురోజు సాయంత్రమే తరిగిపెట్టుకుంటారు. పక్కన వంటగదిలో హైమ పప్పులు కొలిచి నానపోస్తోంది.

బీరకాయలు అయ్యాయి. చిక్కుళ్ళ ఈనెలు తియ్యడం అయింది. రెండో ప్రకటనలు అయిపోయేసరికి సుగుణ లేచి, గోడవార ఉన్న పెద్ద బుట్టని కాలితో మధ్యకి జరిపింది. దాన్నిండా ఉల్లిపాయలు. ముందే తరిగితే తెల్లారేసరికి వాసన మారుతుందని వాటిని ఎప్పుడూ చివరకే ఉంచుతారు.

తెర మీదికి ధరణి భర్త వచ్చాడు.

"వచ్చాడ్రా సచ్చినోడు," అంది బేబమ్మ, కళ్ళు భుజానికి తుడుచుకుంటూ. "ఇదిగో, దీనికీ బుద్ధి లేదు. ఎదురెల్లి చెంబు అందిత్తంది సూడు."

"ఆ చెంబుతోనే ఒక్కటివ్వొచ్చుగా," అంది సుగుణ. ఆమె ముక్కు ఎగబీలుస్తోంది. సత్యవేణి బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. పళ్ళు మాత్రం బిగించి ఉంది.

విజయదుర్గ గోడ గడియారం చూసింది. ఏడూ నలభైమూడు. టీవీ కింద పెట్టెలో చిన్న ఆకుపచ్చ దీపం చకచకా కొట్టుకుంటోంది.

"అమ్మా, ఉల్లిపాయలు ఎప్పటి నుంచి ఇక్కడ తరుగుతున్నారు?"

"నువ్వు ఈ ఏడుపుపెట్టె తగిలించిన దగ్గర్నుంచి. అంతకుముందు పెరట్లో కూర్చునేవాళ్ళం కదా."

"మరి ఇక్కడికెందుకు తెచ్చారు?"

సత్యవేణి కత్తిపీట మీంచి కాలు తీసి కూతురి వైపు తిరిగింది. "ఏడు నుంచి ఎనిమిది దాకా టీవీ ముందు నుంచి లేవకూడదని నువ్వే కదే కాయితం ఇచ్చావు. లేవలేదు. మరి పనెవరు చేస్తారు? మీ సారొచ్చి తరుగుతాడా?"

విజయదుర్గ ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చుంది. నాలుగేళ్ళలో వేల కళ్ళు పరీక్షించారు. చల్లటి గదిలో మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టిన కళ్ళు. వాళ్ళెవరి ఒళ్ళోనూ పని లేదు. చేతిలో పనిలేకుండా ఒక ఆడమనిషి గంటసేపు టీవీ చూస్తుందని ఆ గదిలో అందరూ నమ్మారు. ఈ ఇంట్లో పెరిగిన తనూ నమ్మింది. వీళ్ళ కోపానికి ఊపిరి వేగంగా వస్తే, పెట్టె దాన్ని ఇష్టమని రాసుకుంది. ఉల్లిపాయకి నీళ్ళు కారితే జాలి అని రాసుకుంది. ఆ రెండూ కలిపి ధరణిని రోజుకో అడుగు వెనక్కి నడిపించింది.

ఈ సంగతి చెప్పేసరికి బేబమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంటే ఆ పిల్లని పంపింది మేమా?"

"మీకింత కోపంగా ఉంటే మానెయ్యొచ్చు కదమ్మా. నాకు చెప్పొచ్చు కదా."

"మానేస్తే నీ ఉద్యోగానికి ఏం ముంచుకొస్తుందోనని," అంది సత్యవేణి.

వంటగది గుమ్మంలోంచి హైమ అంది. "నేను చెబుదామనుకున్నాను. నువ్వేమో మన ఊరి గీత అన్నిటికన్నా పైకెళ్ళిందే అని రోజూ సంబరంగా ఫోన్ చేస్తున్నావు. ఏం చెప్పమంటావక్కా?"

*

పెరట్లోకి వెళ్ళి నిరంజన్‌కి ఫోన్ చేసింది విజయదుర్గ. అతను అంతా విని కాసేపు నవ్వాడు.

"కన్నీళ్ళు వచ్చాయా, రాలేదా?"

"వచ్చాయి సార్. కానీ అవి..."

"ఎందుకొచ్చాయో మనకనవసరం. వచ్చే నెల నూటఇరవై ఊళ్ళకి వెళ్తున్నాం. నిడదవోలు గీత చూపించే అందర్నీ ఒప్పించాం. ఇప్పుడెళ్ళి అది ఉల్లిపాయల కూర అని చెప్పనా?"

"ఇక్కడ నా చెల్లెల్ని వెనక్కి పంపేస్తున్నారు సార్."

"సీరియల్ చూసి కాపురాలు దిద్దుకునేవాళ్ళకి మనం జవాబుదారులం కాదు." అతని గొంతు మారింది. "బయట ఎక్కడా అనకు. కంపెనీ గుట్టు దాటించనని సంతకం పెట్టావు. నువ్వు ఆవేశంలో ఏదన్నా కదుపుతావేమో, నీ పాస్‌వర్డులు ఇవాళే తీసేయిస్తున్నాను. ఆదివారం అయ్యాక రా, మాట్లాడుకుందాం."

లోపలికి వచ్చి ఆ మాటలే చెప్పింది. సత్యవేణి తరిగిన ఉల్లిపాయల మీద తడిగుడ్డ కప్పుతూ వింది.

"అయితే దానికి మన ఏడుపు కావాలి. ఎందుకేడ్చామో అక్కర్లేదు. అంతేనా?"

"అంతే."

"అలాగైతే మనకిష్టమైనప్పుడే ఏడుద్దాం. ఆదివారానికి ఇంకా నాలుగు భాగాలున్నాయి."

యంత్రం ప్రతి భాగంలోనూ ఒక చూపునో మాటనో కొద్దిగా మార్చి, చూసేవాళ్ళు ఏమంటారో పరీక్షిస్తుంది. ఆ సంగతి విజయదుర్గ చెప్పింది. మిగతాది ఆడవాళ్ళు చూసుకున్నారు. బుధవారం ఉల్లిపాయల బుట్ట ఏడింటికే ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డ కప్పి కూర్చున్నారు. ధరణి అంట్లు తోముతూ రెండు క్షణాలు వీధి తలుపు వైపు చూసింది.

"అదిగో చూసింది. కొయ్యండి," అంది సత్యవేణి.

మూడు కత్తిపీటల మీద ఉల్లిపాయలు ఒక్కసారే తెగాయి. మొహాలు బుట్టలోకి వంచి మరీ ఏడ్చారు. భర్త రాగానే గుడ్డ కప్పేశారు.

"తిట్టకూడదు పిన్నీ, ఊపిరి మెల్లగా తీసుకో," అంది విజయదుర్గ.

"ఆణ్ణి సూత్తా మెల్లగా ఎలా తీసుకోమంటావే?" అంది బేబమ్మ. చివరికి కళ్ళు మూసుకుని లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంది.

గురువారం ధరణి తలుపు దాకా నడిచింది. శుక్రవారం "నన్నెందుకు కొట్టారు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి సుగుణ నాలుగు కిలోలు తరిగింది. శనివారం ఏడూ నలభైరెండుకి ధరణి బట్టల పెట్టె పట్టుకుని వీధిలోకి వచ్చి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. వీధిలో ఎవరింట్లోనో చప్పట్లు వినిపించాయి. బేబమ్మ కత్తిపీట మడిచి పెట్టి, నడుం పట్టుకుని నవ్వుతూ పడుకుంది.

నిరంజన్ నుంచి సందేశం వచ్చింది. "మీ ఊళ్ళో కథ తిరిగింది, చూశావా? గీత ఇంకా పైకెళ్ళింది. భేష్." ధరణి ఎటు వెళ్ళినా అతనికి ఒకటేనని విజయదుర్గకి అప్పుడు అర్థమైంది.

ఆ నాలుగు సాయంత్రాలూ హైమ వంటగదిలోంచి బయటికి రాలేదు.

*

ఆదివారం పదింటికి ఫణి, అతని తల్లి సరోజినమ్మ వచ్చారు. గంగరాజు అప్పటికే వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఫణి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల వంచుకుని, ముందే సిద్ధం చేసుకున్న మాటలు చెప్పాడు.

"కోపం నా చేతిలో లేదు మావయ్యగారూ. కానీ నా చేతిలో ఉన్నదంతా ఆమెకే ఇచ్చేస్తాను. ఒక్క అవకాశం ఇప్పించండి."

సుగుణ బేబమ్మ చెవిలో, అందరికీ వినపడేంత మెల్లగా అంది. "ఇది ఇరవయ్యో భాగంలో ధరణి మొగుడి మాటే. ఒక్క అక్షరం తేడా లేదు."

ఫణి మొహం ఎర్రబడింది. సరోజినమ్మ అందుకుంది. "మాట ఎక్కడిదైతేనేం, మనసులోంచి వచ్చింది కదండీ. అయిదు నెలలు మేం నోరెత్తామా? ఎంతకాలం ఉంచుకుంటారు ఆడపిల్లని?"

గంగరాజు గొంతు సవరించుకున్నాడు. "మీరన్నది నిజమే సరోజినమ్మగారూ. మొన్నటిదాకా నేనూ పంపించేద్దామనే అనుకున్నాను. కానీ నిన్నటి నుంచి మా ఇంట్లో గొడవగా ఉంది. ఆ ధరణే పెట్టె సర్దుకుని వచ్చేసిందిట కదా, మన పిల్లనెందుకు తోలేస్తారని మా ఆవిడ కూర్చుంది. నాకూ ఆలోచిస్తే... పోనీ, ఇంకొన్నాళ్ళు ఆగుదాం."

సత్యవేణి బేబమ్మ వైపు చూసి నవ్వు బిగబట్టింది. విజయదుర్గ నాలుగు రోజుల తర్వాత గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

హైమ వంటగదిలోంచి వచ్చి మేనమామ ఎదురుగా నిలబడింది.

"మావయ్యా, ధరణి మళ్ళీ వెనక్కెళ్తే?"

"ఎక్కడికమ్మా?"

"వాళ్ళాయన దగ్గరికి. వచ్చే వారమో, పై నెలో. అప్పుడు నన్ను పంపించేస్తారా?"

గంగరాజు సత్యవేణి వైపు చూశాడు.

"హైమా, ఊరుకోవే," అంది సత్యవేణి మెల్లగా. "అంతా మంచిగానే అవుతోంది కదా."

"ఏం మంచి అమ్మా? ధరణి వెళ్తే నేను వెళ్ళాలి, వస్తే నేనుండాలి. మీరంతా నాకోసమే కష్టపడ్డారు, నాకు తెలుసు. నేను పక్క గదిలోనే ఉన్నాను. నాలుగు రోజుల్లో ఒక్కరు గుమ్మం దాటి వచ్చి, నీకేం కావాలే అని అడిగారా? అక్క కూడా అడగలేదు." ఆమె మేనమామ వైపు తిరిగింది. "మావయ్యా, ధరణి తనంతట తను రాలేదు. వీళ్ళు తెప్పించారు. ఆమె బయల్దేరినప్పుడల్లా ఉల్లిపాయలు కోసి, పెట్టెకి కన్నీళ్ళు చూపించారు. అంతకుముందు ఆమె వెళ్ళింది కూడా ఆ ఉల్లిపాయల వల్లే."

సరోజినమ్మ పెద్దగా నవ్వింది. "విన్నారా అన్నయ్యగారూ. సీరియల్‌ని ఉల్లిపాయలతో తిప్పుతారట. పిల్లకి తిక్క పుట్టినట్టుంది."

గంగరాజు విజయదుర్గ వైపు తిరిగాడు. సంతకం పెట్టిన కాగితం, తొమ్మిదో అంతస్తు గది, నాలుగేళ్ళ పని విజయదుర్గ కళ్ళముందు తిరిగాయి. నోరు మెదపకపోతే అవన్నీ ఉంటాయి. ఒప్పుకోకపోతే చెల్లెలు అబద్ధాలకోరుగా మిగులుతుంది.

"అది చెప్పింది నిజం," అంది. "ఆ పెట్టె చేసినదాన్ని నేనే. కన్నీళ్ళు ఎందుకొచ్చాయో దానికి తెలియదు. తెలిసేలా నేను చెయ్యలేదు. ఊరంతా చూసిన కథ మా అమ్మ తరిగిన ఉల్లిపాయల కథ. ఎవరికైనా చెప్పుకోండి. నేనూ చెప్తాను. మిగతా ముప్ఫై ఒక్క ఊళ్ళలో పెట్టెలున్నవాళ్ళ నంబర్లు నా దగ్గరున్నాయి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మరీ చెప్తాను."

"నీ ఉద్యోగం?" అన్నాడు గంగరాజు.

"పోతుంది మావయ్యా."

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. పెద్దమనిషిగా నలుగురిలో అన్న మాటలన్నీ ఇప్పుడు ఆయన మీదికే వచ్చి కూర్చున్నట్టున్నాయి. హైమ మొహంలోకి చూశాడు. అయిదు నెలల్లో ఆయన అలా చూడటం అదే మొదటిసారి.

"సరే. నువ్వే చెప్పమ్మా. ఏమంటావు?"

"నేను రాను," అంది హైమ. "చెయ్యి విరిచినందుకు మాత్రమే కాదు. విరిచాక, పడ్డానని చెప్పమన్నాడు. ఆస్పత్రి బల్ల మీద పడుకుని కూడా నేను అతని మాటే అప్పజెప్పాలట. ఇక ఎవరి మాటా అప్పజెప్పను. అతను మారొచ్చు, మారకపోవచ్చు. అది అతని పని. ఇవాళ కాదు, పై నెలా కాదు, ఏ సీరియల్లో ఎవరు ఎటెళ్ళినా సరే, నేను రాను."

ఫణి తల ఎత్తాడు. ఈసారి అతనికి ఏ భాగంలోంచీ మాట దొరకలేదు. సరోజినమ్మ లేచి, చీర కుచ్చిళ్ళు విసురుగా దులుపుకుంది.

"బాగానే ఉంది. రేపు ఊళ్ళో నలుగురూ మీ కోడలు ఎందుకు రాలేదని అడిగితే నేనేం చెప్పుకోవాలి?"

"మీరేం చెప్పక్కర్లేదండీ," అంది హైమ. "నన్నే అడగమనండి. స్టేషను రోడ్డులోనే ఉంటాను."